పాత పాఠానికి కాపలా

మస్కట్‌లో ఒక కూచిపూడి బృందంలో ఇరవై రెండేళ్ళు పనిచేసి ఈమధ్యే మానుకున్నాను. మా బృందం నృత్యనాటకాలు వేసేది. మనవాళ్ళు వాటిని బ్యాలేలనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నా దగ్గరికి వచ్చి, "టీచర్, పాతవి ఎన్ని వెయ్యాలి, కొత్తవి ఎన్ని వెయ్యాలి?" అని అడుగుతుంటారు. మా డైరెక్టర్ మాధవరావు గారి లెక్క రెండు పాతవి, ఒక కొత్తది. ఆ లెక్కే చెప్పి పంపెయ్యవచ్చు. కానీ ఇరవై రెండేళ్ళలో ఆ లెక్క నాకు నేర్పిందేమీ లేదు. నేర్పింది నేను చేసిన ఒక తప్పు. సన్మానాలూ శాలువలూ పక్కన పెట్టి దాని గురించే రాస్తాను.

నా పని ఏమిటంటే

బృందాన్ని పెట్టింది మాధవరావు గారు. ఆయన గుంటూరు మనిషి, రోడ్ల ఇంజనీరుగా ఒమాన్ వచ్చారు. అడుగు వెయ్యడం రాదు కానీ నాట్యమంటే ప్రాణం. హాలు చూడటం, అనుమతులు తేవడం, అలిగినవాళ్ళను బతిమాలడం ఆయన పని. తాళాలు వాయిస్తూ అడుగులకు జతులు పలికే నట్టువాంగం చెప్పడం, పాత బ్యాలేలను కట్టినవాళ్ళు కట్టినట్టు నిలబెట్టడం, కొత్తగా ఎవరైనా ఏదైనా తెస్తే అది వేదిక ఎక్కదగ్గదో కాదో తేల్చడం నా పని.

మస్కట్‌లో ఏ బృందమూ మూడేళ్ళు ఒకేలా ఉండదు. ఒకమ్మాయి భర్తకు దోహాలో ఉద్యోగం వస్తుంది. ఇంకొకమ్మాయి ఇంటర్ అయిపోయి ఇండియా వెళ్ళిపోతుంది. అందుకని ప్రతి అక్టోబరులోనూ ఉన్న బ్యాలేనే కొత్తవాళ్ళకు మొదటినుంచి నేర్పాలి. నాకు నాట్యం నేర్పి, ఆ పాత బ్యాలేలు కట్టిన మా గురువు గారు ఏదీ కాగితం మీద పెట్టలేదు. పాఠమంతా నా ఒంట్లో ఉంది. నేను చేసి చూపిస్తే వాళ్ళు చూసి చేస్తారు. ఇదే పద్ధతి.

మాకు పేరు తెచ్చిన బ్యాలేను అందరూ 'నది' అనేవారు. గురువు గారు కట్టిందే. కొండమీద పుట్టిన నది ఊళ్ళు దాటి, ఆనకట్టతో తగువు పడి, చివరికి సముద్రుణ్ణి చేరుతుంది. నది వేదిక మీదికి వచ్చే పాటలో, అంటే ప్రవేశ దరువులో, ఒక కష్టమైన అడుగు ఉంది. నర్తకి ఎడమ మోకాలి మీద నేలకు దిగి, అక్కడే గిర్రున తిరిగి లేవాలి. అలా ఆరుసార్లు. సుడిగుండం అన్నమాట. అది పడిందంటే హాల్లో చప్పట్లు ఆగవు. ఎంతమంది అమ్మాయిలకు నేర్పానో గుర్తులేదు.

ఒకసారి నా అనుమానం నిజమైంది

స్వభావరీత్యా నేను అనుమానపు మనిషిని. కూరలవాడు తూకం వేస్తుంటే ముల్లు వైపు చూస్తాను. ఆ స్వభావం ఉద్యోగంలోకి రావడానికి ఒక సంఘటన దోహదం చేసింది.

మొదటి రోజుల్లో హైదరాబాదు నుంచి ఒక నృత్యదర్శకుణ్ణి కొత్త బ్యాలే కట్టడానికి పిలిపించారు. మంచి మాటకారి. రెండు రోజులు రిహార్సల్ చూశాను. మూడో రోజు ఆయన జతి చెప్పబోతుంటే ఆయన కంటే ముందు నేనే చెప్పేశాను. ఆయన ఆగిపోయాడు. తరవాతి జతి కూడా చెప్పాను. మా గురువు గారి ఇంకొక బ్యాలేలో దరువును ఎత్తుకొచ్చి, వేగం పెంచి, దుస్తులు మార్చి కొత్తదని పెట్టాడు. వారం తిరక్కుండా వెళ్ళిపోయాడు.

"మీ కన్ను కప్పడం ఎవరి వల్లా కాదండీ సుభద్ర గారూ," అన్నారు మాధవరావు గారు.

ఆ ఒక్క మెచ్చుకోలు నన్ను పాడుచేసింది. అనుమానం ఒకసారి నిజమైతే చాలు, ఆ తరవాత పదిసార్లు అబద్ధమైనా మనకు గుర్తుండదు. ఆనాటినుంచి కొత్తది తెచ్చిన ప్రతి మనిషినీ ఏదో దాచుకుని వచ్చినట్టే చూశాను. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు నిజంగా మంచివాళ్ళు, పనిమంతులు. నా చూపు భరించలేక వెళ్ళిపోయారు.

నస్రీన్

నస్రీన్ కడప అమ్మాయి. ముప్పై దాటి ఉంటాయి. మస్కట్‌లోనే బౌషర్ పేటలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. చిన్నప్పుడు పక్కింటి టీచరమ్మ దగ్గర కూచిపూడి నేర్చుకుందట. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, మాతో కడప తెలుగు. ఆమె పేరు విన్నప్పుడే నాకు మొదటి అనుమానం వచ్చిందని ఒప్పుకోకపోతే ఈ రాతకు విలువ లేదు. ఈ అమ్మాయికి దేవుళ్ళ కథలు ఎలా ఒంటబడతాయి అనుకున్నాను. మొదటి రోజు ఆమె మోకాళ్ళు వంచి నిలబడ్డ అరమండి చూశాక ఆ అనుమానం పోయింది. పోయినచోట వేరొకటి వచ్చి కూర్చుంది. ఇంత బాగా చేసే మనిషి మా దగ్గరికి ఎందుకొచ్చింది?

ఆమెను నది బ్యాలేలో ఊరి ఆడవాళ్ళ గుంపులో వేశాను. నది పాత్ర కీర్తనది. కీర్తన మస్కట్‌లోనే దార్సైట్ పేట స్కూల్లో చదువుకుని, అక్కడే చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్న అమ్మాయి. నాలుగేళ్ళుగా నా దగ్గర తయారైంది.

చేరిన రెండో నెలలో రిహార్సల్ అయ్యాక నస్రీన్ నా దగ్గరికొచ్చింది. "టీచర్, నది ప్రవేశంలో నాకొక డౌటు ఉండాది."

"డౌటు నీకుంది. పాఠానికి లేదు," అన్నాను.

నవ్వి ఊరుకుంది. ఇంకో పదిహేను రోజులకు మళ్ళీ వచ్చింది. "అట్ల కాదు టీచర్, ఎడమ మోకాలు గురించి..." అని మొదలుపెట్టింది. నీ క్లినిక్ కబుర్లు ఇక్కడ వద్దన్నాను. మూడోసారి వచ్చినప్పుడు నట్టువాంగం తాళాలు సంచిలో పెట్టుకుంటూ ఆమె వైపు చూడనైనా లేదు.

అదే నెలలో ఆమె ఒక కొత్త బ్యాలే వేస్తానంది. పేరు 'నీడ'. దానికోసం ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చింది. అతను మల్లేశం, జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన మేస్త్రీ. కూలివాళ్ళుండే హమ్రియా పేటలో ఎనిమిది మందితో ఒక రూమ్‌లో ఉంటాడు. భుజం నొప్పితో ఆమె దగ్గరికి వైద్యానికి వచ్చి, కట్టు కట్టించుకుంటూ తన పని కబుర్లు చెప్పాడట. చెప్పులు గుమ్మం బయటే విప్పి, మా హాల్లో గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నాకు సెప్పినట్టే ఈళ్ళకూ సెప్పన్నా," అంది నస్రీన్.

"ఏముంటది మేడం, మామూలే. ఎండకాలం పగటీలి సైట్ల పని బంద్ పెడతరు. గప్పుడు గోడ నీడల పంటం. నీడ జరుగుతది గద, మేము గూడ జరుగుతం. లెవ్వం. పండుకునే జరుగుతం. నిద్రల గూడ తెలుస్తది ఎండ కాలు మీదికొచ్చిందని. పన్నెండు మందిమి ఒక్కతీర్గ జరుగుతం."

తరవాత ఒక పాట పాడాడు. వాళ్ళ నాయనమ్మ నాట్లు వేస్తూ పాడేదట. గొంతు బొంగురుగా ఉంది, తాళం మాత్రం గడియారంలా ఉంది.

నస్రీన్ ఆలోచన ఇది. వేదిక మీద ఒక నీడ పట్టీ. పన్నెండు మంది నర్తకులు అందులో పడుకుని ఉంటారు. నీడ జరిగినకొద్దీ వాళ్ళూ జరుగుతారు. పాట నడుస్తుంటే ఒక్కొక్కరూ కలలోకి లేచి ఆడి, మళ్ళీ వచ్చి నీడలో పడుకుంటారు.

"ఇందులో నాట్యమేది?" అన్నాను.

మాధవరావు గారు మాత్రం కళ్ళు తుడుచుకున్నారు. "రోడ్ల పనిలో ఇది నేను చూసిందేనండీ. ఇన్నేళ్ళలో మనవాళ్ళెవరికీ తోచలేదు చూడండి," అన్నారు.

ఎదురు చెప్పడం బాగుండదని "చూద్దాం" అన్నాను. మా రంగంలో 'చూద్దాం' అంటే ఏమిటో అందరికీ తెలుసు. నస్రీన్‌కు తెలియలేదు. శనివారాలు రిహార్సల్ మొదలుపెట్టింది. డ్యూటీ లేని రోజు మల్లేశం కూడా వచ్చి పాడేవాడు.

శుక్రవారాలు

డిసెంబరు వచ్చేసరికి నాకు కొన్ని తేడాలు కనిపించాయి. నేను హాల్లోకి రాగానే మాటలు ఆగిపోయేవి. రిహార్సల్ అయ్యాక కాసేపు కూర్చునే కీర్తన, కారు వచ్చిందంటూ గబగబా దిగిపోయేది. అయిదుగురు అమ్మాయిలు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు, అందులో నేను లేను. వీటన్నిటికీ మించి, మాధవరావు గారి ఆఫీసు అల్మారాలో ఉండే పాత వీడియో క్యాసెట్ కనబడలేదు. మా గురువు గారి హయాంలో విజయవాడలో వేసిన 'నది' అది. లోకంలో ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే.

ఒక శుక్రవారం పొద్దున దార్సైట్ గుడికి వెళ్ళి వస్తున్నాను. మా హాలు అక్కడికి దగ్గరే, ఒక టైలరు దుకాణం పైన. సెలవు రోజు, దుకాణం మూసి ఉంది. పైనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. మెట్లెక్కి తలుపు సందులోంచి చూశాను.

నస్రీన్, కీర్తన, ఇంకో నలుగురు. కుర్చీమీద లాప్‌టాప్. నది ప్రవేశ దరువు పాట వస్తోంది. నస్రీన్ పాట ఆపి, "మళ్ళా చేద్దాం. ఈసారి కుడిది," అంది. కీర్తన కుడి మోకాలి మీద దిగి తిరిగింది. తడబడింది. మళ్ళీ చేసింది.

ఒళ్ళంతా మండింది. గురువు గారి అడుగును మార్చేస్తున్నారు. నా నాలుగేళ్ళ కష్టాన్ని ఈ అమ్మాయి రెండు నెలల్లో తిప్పేస్తోంది. క్యాసెట్ తీసుకుంది, అయిదుగురిని చేతిలో పెట్టుకుంది, అడుగులు కాస్త మార్చి ఇంకో బృందం పెట్టి 'నది'ని కొత్తదిగా వేస్తుంది. హైదరాబాదు ఆయన చేసిన పనే. అంతా అతికినట్టు సరిపోయింది.

తలుపు తోసి అడిగి ఉంటే నాలుగు మాటల్లో తేలిపోయేది. నేను అడగలేదు. చప్పుడు కాకుండా మెట్లు దిగి ఇంటికి వెళ్ళాను. అడిగితే అనుమానం తీరిపోతుందేమోనని మనసుకు ఎక్కడో భయం ఉంటుంది. అంత ముద్దుగా పెంచుకున్నదాన్ని ఎవరు పోగొట్టుకుంటారు?

కమిటీ ముందు

ఆ వారమే కమిటీ కూర్చుంది. మాధవరావు గారు, ఇంకో ఇద్దరు పెద్దలు, నేను. ఫిబ్రవరి ప్రదర్శనలో ఏమేం ఉండాలో తేల్చే రోజు. నస్రీన్‌ను లోపలికి పిలిపించాను.

"క్యాసెట్ ఏదీ?" అన్నాను.

"నాకాడ ఉంది టీచర్. సార్‌ను అడిగే తీస్కపోయినా."

మాధవరావు గారు తల గోక్కున్నారు. "అవునండీ, నేనే ఇచ్చాను. టేపు పాడైపోతోంది, కాపీ చేయిస్తానంటే మంచిదే కదా అని."

ఆ క్షణంలో ఆయన మీద కూడా అనుమానం కలిగింది.

"శుక్రవారాలు మా హాల్లో మా వాళ్ళకు నది పాఠం మార్చి నేర్పుతున్నావు. నిజమా కాదా?"

నస్రీన్ మొహం ఎర్రబడింది. కమిటీ పెద్దల వైపు చూసి, నా వైపు చూసింది. "మీరొక్కరే ఉన్నప్పుడు సెప్తా టీచర్."

"నలుగురిలో చెప్పలేనిది నాతో ఒంటరిగా ఎందుకు? ఇక్కడే చెప్పు."

"ఇక్కడ సెప్పను." చాలా మెల్లగా అంది. "ఏమీ అనుకోవద్దండి. ఇక్కడైతే సెప్పలేను."

అంతకంటే ఋజువేం కావాలి అనుకున్నాను. నీడ రిహార్సల్స్ సరిపోలేదని చెప్పి దాన్ని జాబితాలోంచి తీయించాను. నస్రీన్‌ను ఆ సీజన్‌కు పక్కన పెట్టించాను. మాధవరావు గారు రెండుమూడు సార్లు "ఒకసారి ఆలోచించండి" అన్నారు. మంచివాళ్ళయిన పైవాళ్ళతో చిక్కే ఇది. తగువు పడాల్సిన చోట బతిమాలతారు. ఆయన ఆ రోజు బల్ల గుద్ది కాదని ఉంటే ఎంత బాగుండేదో.

నస్రీన్ సంచిలోంచి క్యాసెట్టూ, దాని కాపీ ఉన్న పెన్‌డ్రైవూ తీసి బల్లమీద పెట్టి, అందరికీ నమస్కారం చేసి వెళ్ళిపోయింది.

లేవని నది

ప్రదర్శన ఇంకా మూడు వారాలుందనగా, సాయంత్రం రిహార్సల్‌లో కీర్తన ప్రవేశ దరువు చేస్తోంది. నేను నట్టువాంగం చెబుతున్నాను. మూడోసారి ఎడమ మోకాలి మీద దిగింది, తిరిగింది, లేవలేదు. నేను జతి ఆపలేదు. నటిస్తోందేమో, నస్రీన్‌ను పక్కన పెట్టించిన కోపం ఇలా తీర్చుకుంటోందేమో అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అలాగే అనిపించింది.

"లేవలేను టీచర్," అంది. నేలమీద చెయ్యి ఆనించి ఏడుస్తోంది. మోకాలు అప్పటికే ఉబ్బుతోంది.

మంచు ముక్కలు తెప్పించి గుడ్డలో చుట్టి పెట్టాం. మిగతావాళ్ళు చుట్టూ చేరారు. ఎవరూ నా వైపు చూడటం లేదు. చివరికి కీర్తనే అంది.

"నస్రీన్ అక్క ముందే చెప్పింది టీచర్. నాకొక్కదానికే కాదు. అయిదుగురికీ నొప్పి ఎడమ మోకాలే. అయిదుగురం నది నేర్చుకున్నవాళ్ళమే. అక్క మమ్మల్ని శుక్రవారాలు కూర్చోబెట్టి వ్యాయామం చేయించింది, రెండు వైపులా దిగడం నేర్పింది."

"గురువు గారు పెట్టిన అడుగును మార్చడానికి మీరెవరు?"

కీర్తన కళ్ళు తుడుచుకుంది. "మార్చలేదు టీచర్. మీరోసారి క్యాసెట్ చూడండి."

క్యాసెట్

మరునాడు పొద్దున మాధవరావు గారి ఆఫీసులో కూర్చున్నాను. నస్రీన్ చేయించిన కాపీని ఆయన కంప్యూటర్‌లో పెట్టి, ఏదో పనుందని బయటికి వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే చూడాలని ఆయనకు తెలుసు.

తెర మీద నది ప్రవేశించింది. అది నేనే. ఇరవై మూడేళ్ళ సుభద్ర. ఆ క్యాసెట్ నా దగ్గరే ఉన్నట్టు లెక్క, కానీ పాతికేళ్ళుగా పెట్టి చూడలేదు. పాఠం ఒంట్లో ఉండగా చూడటమెందుకని.

ఆ అమ్మాయి కుడి మోకాలి మీద దిగింది.

కాపీ చెయ్యడంలో బొమ్మ అటుది ఇటు తిరగబడిందేమో అనుకున్నాను. నస్రీన్ కావాలనే తిప్పిందేమోనని కూడా అనుకున్నాను. వెనక కట్టిన బ్యానరు మీద అక్షరాలు చూశాను. సరిగ్గానే ఉన్నాయి. ఆ అమ్మాయి లేచి, రెండోసారి ఎడమ మోకాలి మీద దిగింది. మూడోసారి కుడి. నాలుగోసారి ఎడమ. అటూ ఇటూ ఒరుసుకుంటూ వచ్చే నీళ్ళలా ఉంది. ఆరుసార్లూ చూశాను. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను.

అప్పటికీ ఓడిపోలేదు. గురువు గారే తరవాత మార్చారేమో! విజయవాడలో ఉన్న సరోజిని అక్కకు ఫోన్ చేశాను. ఆమె నాకంటే ముందు నది వేసి, చివరిదాకా గురువు గారి దగ్గరే ఉన్న మనిషి.

"ఎడమ ఒక్కటేనా?" అంది అక్క. "అదేమిటే, నది కుంటుతుందా?"

అప్పుడు గుర్తొచ్చింది. మస్కట్ వచ్చిన కొత్తలో దార్సైట్‌లో మేమున్న ఫ్లాట్ మెట్లమీద జారి పడ్డాను. కుడి మోకాలు పట్టేసింది. ప్రదర్శన దగ్గర పడుతోందని, ఈ ఒక్కసారికి అనుకుని పాఠం ఎడమ వైపే చూపించాను. మోకాలు ఎప్పటికీ పూర్తిగా బాగుపడలేదు. ఆ ఏడాది నేర్చుకున్నవాళ్ళు ఎడమే నేర్చుకున్నారు. మరుసటి ఏడాది వచ్చినవాళ్ళు వాళ్ళను చూసి నేర్చుకున్నారు. నాలుగైదేళ్ళకు నేనే మరిచిపోయాను. ఎవడో దొంగిలిస్తాడని కాపలా కాస్తూ కూర్చున్నది గురువు గారి పాఠాన్ని కాదు, నా అవిటి కాలిని.

బౌషర్‌లో

క్లినిక్‌కు ఫోన్ చెయ్యకుండానే వెళ్ళాను. చెయ్యి విరిగిన ఒక ఒమానీ పెద్దాయన, నడుం నొప్పితో ఒక మలయాళీ నర్సు వరసలో కూర్చుని ఉన్నారు. నేనూ చీటీ తీసుకుని కూర్చున్నాను. నా వంతు వచ్చాక నస్రీన్ తలెత్తి చూసింది.

"క్యాసెట్ చూశాను," అన్నాను.

"ఆ."

"నాకెందుకు చెప్పలేదు?"

"మూడుసార్లు వచ్చినా గదా టీచర్. ఇన్యారా మీరు?"

"కమిటీలో అయినా చెప్పి ఉండవచ్చు."

"ఏమని సెప్పల్ల? అంతమంది మగోళ్ళ ముందర, ఈమె కాలు బాగలేక పాఠం మరిసిపోయింది అని సెప్పల్లనా? మీరు మా టీచర్. అంత అనుమానం ఎందుకు టీచర్ మీకు? నేనేం ఎత్తుకపోతా? నాకు ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది. ఆడాలని వచ్చినా, అంతే."

తప్పయిందమ్మా అన్నాను. ఆ మాట అంతకుముందు ఏ శిష్యురాలితోనూ అని ఎరగను.

"కూర్చోండి," అంది. "పైన. కాలు సాపండి. ఇన్నేళ్ళు దీన్ని ఎవరికీ చూపించలేదా?"

ఎక్కడ నొక్కితే ఎక్కడ నొప్పో ఆమె చేతికి తెలిసింది. నేను కళ్ళు మూసుకుని పడుకున్నాను.

ఆ సీజన్

కీర్తనకు నాలుగు నెలలు విశ్రాంతి అన్నారు. మిగతా నలుగురి చేతా మోకాళ్ళ మీద దిగే అడుగు వేయించవద్దంది నస్రీన్. బృందం పుట్టాక మొదటిసారి 'నది' లేకుండా సీజన్ నడపాల్సి వచ్చింది. ఆ చోట నీడ వేద్దామని నేనే మాధవరావు గారిని అడిగాను. నస్రీన్ వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, మిగిలిన పిల్లల మొహం చూసి వచ్చింది.

అయితే మల్లేశం లేడు. నేను రిహార్సల్స్ ఆపించిన వారాల్లో అతని కంపెనీ అతన్ని దుకమ్ సైట్‌కు పంపేసింది. అక్కణ్ణుంచి రావడమంటే రోజంతా ప్రయాణం, సెలవు దొరకలేదు. నస్రీన్ ఫోన్‌లో రికార్డు చేసిన అతని పాటే వాడుకున్నాం. ప్రదర్శన నాడు గొంతు స్పీకర్లలోంచి వచ్చింది, మనిషి మాత్రం ఎక్కడో ఎండలో ఉన్నాడు. నా అనుమానం వల్ల పోయినవాటిలో తిరిగి రానిది ఇదే. తరవాత అతను ఇండియా వెళ్ళిపోయాడని విన్నాం. తన నీడను వేదికమీద అతను చూడనే లేదు.

నీడకు నట్టువాంగం లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి పనేమీ లేకుండా పక్క తెర దగ్గర నిలబడ్డాను. జనం నవ్వుతారేమో అనుకున్నాను. నీడ పట్టీ మెల్లగా జరిగింది. పన్నెండు మంది లేవకుండా, కళ్ళు తెరవకుండా, ఒక్క ఒంటిలా జరిగారు. ముందు వరసల్లో ఎవరూ చప్పుడు చెయ్యలేదు. వెనక వరసల్లో, నస్రీన్ హమ్రియా నుంచి పిలిచినవాళ్ళు కూర్చున్న చోట, ఎవరో "అరె, గదే" అన్నారు పైకే.

అంతమాత్రాన కొత్తదంతా గొప్పదని రాయను. నీడ చివరి పది నిమిషాలు సాగదీసినట్టుంది. ఆ మాటే నస్రీన్‌తో అన్నాను. తరవాతి ప్రదర్శనకు కత్తిరించింది. కొత్తవాళ్ళకు నేను చెప్పగలిగిన సలహా ఇదొక్కటే. కొత్తదాన్ని అనుమానించండి, తప్పులేదు, కానీ ఆ మనిషిని కూర్చోబెట్టి అడగండి. పాతదాన్ని అంతకంటే ఎక్కువ అనుమానించండి. కొత్తదానికి తప్పు ఎత్తిచూపేవాళ్ళు వందమంది ఉంటారు. పాతదానికి మీరు తప్ప దిక్కు లేదు.

మళ్ళీ నది

మరుసటి ఏడాది నది పాఠాన్ని క్యాసెట్ పెట్టుకుని మొదటినుంచి కట్టాం. నేర్పింది నస్రీన్. నేను కుర్చీలో కూర్చుని తాళం వేశాను. ప్రవేశ దరువు ఒక్కటే కాదు, ఇంకో మూడు చోట్ల నా మోకాలు పాఠాన్ని ఒంచేసిందని బయటపడింది. ప్రతిసారీ మనసు ఎదురు తిరిగేది, ప్రతిసారీ వెనక్కి తిప్పి చూసేదాన్ని, ప్రతిసారీ నస్రీన్ చెప్పిందే ఉండేది.

ప్రదర్శనలో కీర్తన కుడి, ఎడమ, కుడి, ఎడమగా దిగుతూ వచ్చింది. చప్పట్లు పడ్డాయి కానీ ఎప్పుడూ పడేన్ని కాదు. అయ్యాక శంకరం గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. దార్సైట్‌లో ముప్పై ఏళ్ళుగా ఉంటున్న పెద్దమనిషి, మా నదిని ఒక్క ఏడాదీ వదలకుండా చూసిన ప్రేక్షకుడు. మొహం ముడుచుకుని ఉంది.

"ఏంటమ్మా సుభద్రా, పాతదాన్ని ఇలా పాడుచేశారు? ఆ సుడి ఎంత బాగుండేది. అన్నీ ఒకవైపే తిరుగుతుంటే కళ్ళు తిరిగేవి. ఎవరో కొత్త అమ్మాయి వచ్చి మార్చేసిందట కదా?"

నస్రీన్ పక్కనే దుస్తులు మడతపెడుతోంది. చెయ్యి ఆగింది, తల ఎత్తలేదు.

"ఆ అమ్మాయి మార్చలేదండీ," అన్నాను. "ఇప్పుడు మీరు చూసిందే పాతది. మార్చింది నేను. ఇన్నేళ్ళూ మీకు చూపించినదే తప్పు."

శంకరం గారు నన్ను ఎగాదిగా చూశారు. తరవాత నస్రీన్ వైపు చూశారు. నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగారు.

"నిజం చెప్పమ్మా. ఈ మాట నీచేత ఎవరనిపిస్తున్నారు?"